గ్లాసు మీద గీత

కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టిన రోజే
మా ఇంట్లో సలికాలం మొదలైనట్టు లెక్క.
కేలండరుతో పనేటి?
ఈ ఏడు దీపావళి ఎల్లిన పదో నాడు
సీసా బోర్లించినా బొట్టు రాలేదు.

సీసా ఎండలో పెట్టి, నూనె కరిగీలోపు
మంచమెక్కి కప్పు సూసినాను.
దసరా ముందు తుపాను లేపీసిన పెంకులు పదకొండు.
తొమ్మిది దొరికినాయి.
మిగతా సోట ఎలచ్చన్ల ఫ్లెక్సీ పరిసి రాళ్లు పెట్టినాను.
ఎవుడో పెద్దమనిషి దండం పెడతా
మా పొయ్యి కాసి నవ్వుతున్నాడు.
"పోన్లే, ఇన్నాళ్లకి మనింటికొచ్చినాడు"
అని నవ్వినాడు మా ఆయిన.
ఆయిన నవ్వి మూడు రోజులైనాది.

బంకమట్టిలో ఊక కలిపి గోడ బీటలకి మెత్తినాను.
పలాసలో జీడిపిక్కలు ఒలిసి ఒలిసి
నా ఏళ్ల కొసలు నల్లగా కాలిపోనాయి,
మట్టి సల్లదనం తెలీదు.
ఒక్కోపాలి అదీ మంచిదే.
"తొక్కలు ఊరికే పట్టుకెళ్లు, కుంపట్లో ఏసుకో"
అన్నాడు బట్టీ కాడ జోగులు.
ఆ పొగ కళ్లు కోస్తాది, వద్దన్నాను.
తుపానుకి కూలిన పదారు కొబ్బరి సెట్లున్నాయి,
మట్టలూ డొక్కలూ ఎండబెట్టి
వసారాలో సూరు దాకా పేర్సినాను.
ఆయిన ఎక్కిన సెట్లే అవన్నీ.
అటు కాసి సూడడు.

మరి బొంత.
అడుగున తుపాను సాయంలో ఇచ్చిన దుప్పటి, బరకది.
దాని మీద మాయమ్మ ఆకుపచ్చ నేతసీర,
హైమావతికి పొట్టయిపోయిన స్కూలు గౌను,
ఆయిన సెట్టెక్కీనాటి లుంగీలు రెండు,
మోకు రాసుకుని తొడ కాడ అరిగిపోనవి.
ఎడం పక్క మాత్రం ఒక్క పొరే కుట్టినాను.
ఆ సేతి మీద బరువెయ్యకూడదని
సోంపేట నర్సమ్మ మరీమరీ సెప్పినాది.
అక్కడ నరానికి నరం కలిపినారు.
సెవి పెడితే గుయ్యిమని,
దూరాన తేనెపట్టు కదిలినట్టు.

వారానికి మూడు రోజులు
రగతం బయటికెళ్లి, మిషనంతా తిరిగి, కడుక్కోని
మళ్లీ లోపలికొస్తాది.
దార్లో సల్లారిపోతాదో ఏటో,
వైశాఖంలో కూడా "వణుకుతున్నానే" అంటాడు.
ఊరందరికీ సలి తలుపులోంచి వస్తాది,
ఆయినకి ఎముకల్లోంచి.
దానికి ఏ మట్టి మెత్తను?

కానీ ఒక మాట, ఎవులికీ సెప్పలేదు.
నాకు సలికాలమంటే ఇష్టం.

ఎండాకాలమైనా, ఏ కాలమైనా
ఆయినకి రోజుకి నాలుగు గ్లాసుల నీళ్లే.
గ్లాసు మీద నానే మేకుతో గీత గీసినాను.
రోహిణి ఎండల్లో
గీతకి పైన ఒక్క గుటక, ఒక్కటంటే ఒక్కటని
సెట్టంత మనిషి సెయ్యి సాపుతాడు.
పెదాల మీద తడిగుడ్డ పెట్టి
కుండ పట్టుకెళ్లి దమయంతి ఇంట్లో దాసీదాన్ని.
మొగుడికి కనపడకుండా నీళ్లు దాసీది
నానొక్కర్తినే అనుకున్నాను.
దమయంతి సాలలో అప్పటికే రెండు కుండలున్నాయి.

మార్గశిరమొస్తే దాహం తగ్గుతాది.
గీత దాకా కూడా తాగకుండా
గ్లాసు తిరిగి ఇచ్చీసి
"ఇంకొద్దు" అంటాడు.
ఆ మాట కోసం ఏడాదంతా ఎదురుసూస్తాను.

అందుకే బీటలన్నీ కప్పి
సముద్రం కాసి కిటికీ పక్కన
బొటనేలు పట్టీ కన్నం ఒకటి వదిలీసినాను.
హైమ సూసి, "అమ్మా, ఇది మర్సిపోనావు" అని
మట్టిముద్ద పట్టుకొచ్చినాది.
ఉండనీ అన్నాను.
ఎందుకంటే ఏటని సెప్పను?

రాత్రి కుంపటి ఆయిన కాళ్ల కాడ,
ఆ కన్నంలోంచి గాలి నా ఈపు మీద.
బొంతలోకి దూరి
ఆ సేతికి సెవి ఆనించినాను.
గుయ్యిమంటన్నాది.

తెల్లారి సూస్తే
సీసాలో నూనె మళ్లీ రాయి.